వెంట్రుకంత నిజం

(కాకినాడలో ఒక వాకర్స్ అసోసియేషన్ ఆదివారం ఉదయపు సమావేశంలో రిటైరైన బయోకెమిస్ట్రీ డాక్టరు ఒకావిడ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. నడక అయ్యి ఇంకా చెమటలైనా ఆరలేదు, అప్పుడే కుర్చీల్లో కూలేశాను మిమ్మల్ని. ఎండెక్కే లోపల వదిలేస్తానని సెక్రటరీ గారికి మాటిచ్చాను. వెనకాల ఇడ్లీలు కూడా వచ్చినట్టున్నాయి, వాసన తెలుస్తోంది. కాబట్టి మీ తొందర నాకు అర్థమైంది. (నవ్వులు)

పోయిన నెలలో మీలో ఒకావిడ నాకు ఒక సంచి తెచ్చిచ్చారు. పేరు చెప్పను, ముందు వరసలోనే కూర్చున్నారు. సంచిలో మూడు వస్తువులున్నాయి. ఒకటి అమెరికా నుంచి అమ్మాయి పంపిన గమ్మీల డబ్బా, జెల్లీ బిళ్లల్లా ఉంటాయి. రెండోది షాంపూ. మూడోది వాళ్ల లాబ్రడార్‌కి అన్నంలో కలిపి పెట్టే పొడి. మూడింటి మీదా పెద్దక్షరాలతో ఒకటే మాట, బయోటిన్. జుట్టుకి మంచిదని అమ్మే ఒక బి విటమిన్ అది. "డాక్టరు గారూ, మా ఇంట్లో మనుషులకీ కుక్కకీ ఒకటే మందు నడుస్తోంది, పర్లేదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఆ సంచే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు ఆ గమ్మీల డబ్బా వెనక్కి తిప్పి చూద్దాం. ఒక్కోదానిలో 10,000 ఎంసీజీ అని ఉంది. ఎంసీజీ అంటే మైక్రోగ్రాము. మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అంటే ఇది 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన బయోటిన్ ఎంతంటే 30, 40 మైక్రోగ్రాములు. 40 అనుకుని భాగించుకోండి. ఒక్క గమ్మీలో 250 రోజులకి సరిపడా సరుకుంది. ఇవాళ ఉదయం ఒకటి నోట్లో వేసుకుంటే వచ్చే ఏడాది దాకా చూసుకోనక్కర్లేదన్నట్టు. కానీ ఒంటికి దాచుకునే అలవాటు లేదు, మిగిలినదంతా మూత్రంలో పోతుంది. పోతూ పోతూ ఒక పని చేసి పోతుంది, అది తర్వాత చెప్తాను. అసలు నేను రావడానికి ఒప్పుకున్నది ఆ మాట చెప్పడానికే.

జుట్టుకీ దీనికీ ఈ చుట్టరికం ఎక్కడ కలిసింది? కోడిగుడ్డు దగ్గర. 1927లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్గరెట్ బోయస్ అనే ఆవిడ ఎలుకల మీద ప్రయోగం చేస్తోంది. మాంసకృత్తుల కోసం వాటికి ఎండబెట్టిన పచ్చి తెల్లసొన పెట్టింది. కొన్ని వారాలకి ఎలుకల చర్మం పొలుసులు లేచింది, బొచ్చు ఊడింది, నడక తడబడింది. తెల్లసొన బలమైన ఆహారమని అందరం అనుకుంటాం కదా, అదే తినిపిస్తే జంతువు పాడైపోతోంది. ఆ తెల్లసొననే ఉడికించి పెడితే ఏమీ కావడం లేదు. కాలేయం, ఈస్టు, గుడ్డులోని పచ్చసొన, వీటిలో ఏది కలిపి పెట్టినా ఎలుకలు తేరుకుంటున్నాయి. అంటే వీటిలో కాపాడేదేదో ఉంది. ఆ కాపాడేదానికి పాల్ గ్యోర్గీ అనే శాస్త్రవేత్త విటమిన్ హెచ్ అని పేరు పెట్టాడు. జర్మన్‌లో హార్ అంటే జుట్టు, హౌట్ అంటే చర్మం. జుట్టుతో సంబంధం దాని నామకరణం రోజునే కలిసిపోయింది. ఆ తర్వాత దుకాణదారుకి ఇంకేం కావాలి చెప్పండి.

1936లో హాలండ్‌లోని ఉట్రెక్ట్‌లో కోగ్ల్, టోనిస్ అనే ఇద్దరు ఇంకో దారిన వచ్చారు. ఈస్టు పెరగడానికి కావలసిన ఒక పదార్థాన్ని వెతుకుతూ, ఎండబెట్టిన బాతుగుడ్ల పచ్చసొన 250 కిలోలు తీసుకుని, వడకట్టి, కరిగించి, మళ్లీ వడకట్టి, చివరికి స్ఫటికాలు తీశారు. ఎంత? 1.1 మిల్లీగ్రాము. దానికి బయోటిన్ అని పేరు పెట్టారు. ఆ లెక్కన ఆవిడ తెచ్చిన ఒక్క గమ్మీ తయారు చేయాలంటే కోగ్ల్‌కి రెండు టన్నులకి పైగా ఎండు సొన కావాలి. ప్రకృతి ఇంత పిసినారిగా పెట్టిన వస్తువుని మనం మిఠాయిలా తింటున్నాం. 1940లో ఈ బయోటిన్, ఆ విటమిన్ హెచ్ రెండూ ఒకటేనని తేలింది. 1942లో అమెరికాలో డు విగ్నో దాని అణు నిర్మాణం తేల్చాడు. ఆ పదేళ్లూ బి విటమిన్లకి పంట పండిన కాలం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది కూడా ఆ దశాబ్దంలోనే. ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే ఇడ్లీలు చల్లారిపోతాయి, ఇంకోసారి పిలవండి.

సరే, పచ్చి తెల్లసొనలో ఉన్న దోషమేంటి? అందులో అవిడిన్ అనే ప్రోటీను ఉంది. అది బయోటిన్‌ని పట్టుకుంటే వదలదు. జీవకోటిలో మనకి తెలిసిన పట్టుల్లో ఇంత గట్టివి చాలా తక్కువ. ఉడుం పట్టు అంటామే, అది. పేగులోనే పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వకుండా బయటికి తీసుకుపోతుంది. ఉడికిస్తే అవిడిన్ చెడిపోతుంది, పట్టు సడలుతుంది. 1942లో అమెరికాలోని జార్జియాలో సిడెన్‌స్ట్రికర్ అనే డాక్టరు నలుగురు మనుషుల మీద కూడా ఇది చూశాడు. వాళ్లు తినే దానిలో పెద్ద భాగం పచ్చి తెల్లసొనే ఉండేటట్టు చేశాడు. కొన్ని వారాల్లో చర్మం పొట్టు లేచింది, ఒళ్లు నొప్పులు, నీరసం, ఆకలి పోవడం. మైక్రోగ్రాముల లెక్కలో బయోటిన్ ఇంజెక్షన్ చేస్తే రోజుల్లో సర్దుకున్నారు. మైక్రోగ్రాములు అన్న మాట గుర్తుంచుకోండి.

ఇంతవరకు చెప్పింది ఖాయమైన సంగతి. బయోటిన్ లేకపోతే జుట్టు ఊడుతుంది. నిజం. దీన్ని తిరగేసి, జుట్టు ఊడుతోందంటే బయోటిన్ లేనట్టే అనుకోవడంలో వచ్చింది తంటా. నూనె లేకపోతే దీపం ఆరిపోతుంది, ఒప్పుకుంటాను. దీపం ఆరిందని ప్రమిద చూడకుండా నూనె పోస్తే? గాలికి ఆరిందేమో, వత్తి అయిపోయిందేమో. నూనె నేల మీద కారుతుంది, చీకటి చీకటిలాగే ఉంటుంది.

ఒంట్లో బయోటిన్ చేసే పని కూడా చెప్తాను, అర్థమైతే మీకే విషయం తేలిపోతుంది. అది జుట్టుకి ఇటుక కాదు. జుట్టు కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది, అందులో బయోటిన్ కలవదు. మన కణాల్లో అయిదు ఎంజైములున్నాయి, కార్బాక్సిలేజులు అంటారు. కొవ్వు కట్టడానికి, చక్కెర తయారీకి, కొన్ని అమైనో ఆమ్లాలని విరగ్గొట్టడానికి అవి కావాలి. ఒక్కోదానికీ ఒక బయోటిన్ అణువు అతుక్కుని ఉండాలి. పెళ్లి వంటల్లో గాడిపొయ్యి దగ్గర గరిటెలుంటాయే, అలాంటిది. గరిటె లేకపోతే పప్పు అడుగంటుతుంది. కానీ గరిటె పప్పులో కరిగిపోదు. అయిదు డేగిసాలకి అయిదు గరిటెలు చాలు. అయిదొందల గరిటెలు తెచ్చి గుట్ట పోస్తే వంట తొందరగా అవదు, పైగా వంటవాడు తిడతాడు. ఇంకో సంగతి, పని అయ్యాక ఆ గరిటెల్ని కడిగి మళ్లీ వాడుకునే ఏర్పాటు ఒంట్లోనే ఉంది. బయోటినిడేజ్ అనే ఎంజైము పని అది.

ఆ కడిగేవాడు పుట్టుకతోనే లేని పిల్లలున్నారు. ప్రపంచంలో సుమారు 60,000 మంది పుడితే ఒకరికి ఉండే జబ్బు. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి కాబట్టి, మేనరికాలు చేసుకునే మన వైపు ఇలాంటి జబ్బుల మీద ఒక కన్నేసి ఉంచాలి. నెలల పిల్లాడికి ఫిట్స్ వస్తాయి, నోటి చుట్టూ కళ్ల చుట్టూ ఎర్రగా పొక్కుతుంది, జుట్టు పలచబడుతుంది, చెవులు వినపడకుండా పోవచ్చు. ఆ పిల్లాడికి రోజూ 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఇస్తే ఫిట్స్ ఆగుతాయి, జుట్టు వస్తుంది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు, అందుకే పుట్టగానే మడమ దగ్గర నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయించమంటాం. నా సర్వీసులో ఇలాంటి పిల్లల్ని చాలా తక్కువ మందిని చూశాను. కానీ తలంతా బోడిగా ఉన్న పిల్లాడికి మూడు నెలల్లో నల్లటి నూగు రావడం చూసినవాళ్లెవరూ బయోటిన్‌ని ఎగతాళి చేయరు. నేనూ చేయను. అక్కడ ఆ 10 మిల్లీగ్రాములు ప్రాణం నిలబెడుతుంది.

ఇంకా ఎవరికి తగ్గుతుంది? ఆస్పత్రిలో నెలల తరబడి సెలైన్ ద్వారానే ఆహారం ఎక్కేవాళ్లకి, అందులో బయోటిన్ కలపకపోతే. ఫిట్స్‌కి కార్బమజెపైన్, ఫెనిటోయిన్ లాంటి మందులు ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకి కొంత. తాగుడు ఎక్కువైనవాళ్లకి. గర్భిణుల్లో కొందరికి కాస్త. జిమ్‌కి వెళ్లి రోజూ డజను పచ్చి తెల్లసొనలు గటగటా తాగే కుర్రాళ్లుంటారు, వాళ్లకి కూడా. (వెనక నుంచి: "మా మనవడున్నాడండీ!") ఉడకబెట్టుకోమనండి. ప్రోటీను ఎక్కడికీ పోదు, పైగా ఉడికితేనే బాగా అరుగుతుంది.

మిగతావాళ్లకి రోజు తిండిలోనే వచ్చేస్తుంది. ఉడికిన గుడ్డు ఒకదానిలో 10 మైక్రోగ్రాములు, పల్లీలు, చిలగడదుంప, కాలేయం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన భారతీయ ఆహారాల పట్టికలు వేసింది, ఏ దినుసులో బయోటిన్ ఎంతో అందులో ఉంది. ఉప్మాలో పల్లీలు ఏరి పక్కన పెట్టి, తర్వాత గమ్మీ నమిలేవాళ్లని నేను చూశాను.

"మరి నాకు గుణం కనిపించిందండీ" అంటారు. వాడినవాళ్లలో సగం మంది అంటారు. అబద్ధం చెప్తున్నారనను. చిక్కంతా జుట్టు క్యాలెండర్‌లో ఉంది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు. ఒక్కోటీ రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, ఓ మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, రాలిపోతుంది. దాని కుదురులోంచి కొత్తది వస్తుంది. మామూలుగా ఏది ఎప్పుడు రాలాలో దేని వంతు దానిది. అందుకే రోజుకి 50 నుంచి 100 రాలినా దువ్వెనకి తప్ప మనకి తెలియదు. డెంగీయో టైఫాయిడో వచ్చిందనుకోండి, కాన్పు అయిందనుకోండి, పెద్ద ఆపరేషనో, డైటింగ్ పేరుతో కడుపు మాడ్చుకోవడమో. అప్పుడు ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. పెరుగుతున్న వెంట్రుకల్ని ఒక్కసారిగా విశ్రాంతికి పంపేస్తుంది. అవన్నీ రెండు మూడు నెలల తర్వాత కట్టగట్టుకుని రాలతాయి. జ్వరం ఆగస్టులో, జుట్టు రాలడం నవంబర్‌లో. మధ్యలో జ్వరం సంగతే మర్చిపోతాం. బాత్రూం జాలీలో జుట్టు చూసి టెన్షన్ పడి, పక్కింటావిడ చెప్పిందని డిసెంబర్‌లో మాత్రలు మొదలుపెడతాం. మార్చికల్లా రాలడం తగ్గుతుంది, పాపిట పక్కన చిన్న చిన్న వెంట్రుకలు లేస్తాయి. మాత్రకి దండం పెడతాం. ఆ మాత్ర వేసుకోకపోయినా మార్చి వచ్చేది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అన్న మాట మనవాళ్లు దీని కోసమే చేసి పెట్టారు.

2017లో అమెరికా చర్మవైద్యులు కొందరు, బయోటిన్‌తో జుట్టు, గోళ్లు బాగుపడ్డాయని అప్పటిదాకా ప్రచురితమైన కేసులన్నీ గాలించారు. దొరికినవి 18. ఆ 18 మందిలో ప్రతి ఒక్కరికీ అడుగున ఇంకో కారణం ఉంది. పుట్టుకతో వచ్చిన ఎంజైము లోపమో, గోళ్లు పెళుసుబారే జబ్బో. ఏ జబ్బూ లేని మనిషి జుట్టు బయోటిన్‌తో ఒత్తుగా అయిన ఆధారం అందులో లేదు.

అసలు వెతకాల్సినది వేరే చోట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా! ఇనుము నిల్వలు అడుగంటినప్పుడు జుట్టు రాలడం మామూలే. జుట్టు రాలుతోందని వచ్చిన అమ్మాయికి నేను బయోటిన్ కాదు, ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడమంటాను. థైరాయిడ్ చూడమంటాను. నెలసరి ఎలా ఉంది, ఏం తింటోంది, అన్నం తిన్న వెంటనే టీ తాగుతోందా, అడుగుతాను. భోజనం మీద టీ ఇనుముని లోపలికి రానివ్వదు, తెలుసుగా. వెయ్యి రూపాయల గమ్మీలు కొనే ఇంట్లో ఐరన్ మాత్ర వేసుకోమంటే "మలబద్ధకం అండీ" అంటారు. గమ్మీ తియ్యగా ఉంటుంది మరి.

షాంపూ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. తలలోంచి బయటికి వచ్చిన వెంట్రుకకి ప్రాణం లేదు. దానిలో కణాలు లేవు, ఇందాక చెప్పిన ఎంజైములు లేవు. గరిటె ఇచ్చినా వంటిల్లే లేదు. సౌందర్య సాధనాల దినుసుల్ని పరిశీలించే అమెరికా నిపుణుల బృందం 2001 నివేదికలో, ఇలాంటి వాటిలో బయోటిన్ 0.0001 శాతం నుంచి 0.6 శాతం దాకా వాడుతున్నారని, భయపడాల్సింది లేదని రాసింది. ఆ తక్కువ లెక్క తీసుకుంటే 200 మిల్లీలీటర్ల సీసా మొత్తానికి మిల్లీగ్రాములో అయిదో వంతు. అదీ రెండు నిమిషాల్లో నీళ్లతో పోతుంది. మెత్తదనం వచ్చేది కండిషనర్ దినుసుల వల్ల. షాంపూ నచ్చితే వాడుకోండి, సువాసన బాగుంటే ఇంకా మంచిది. ఆ పేరుకి మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి.

పార్లర్లలో బయోటిన్ ట్రీట్‌మెంట్ అని కూడా వచ్చింది, వేలల్లో తీసుకుంటారు. క్రీము రాసి వేడి ఇస్త్రీతో జుట్టు సాపు చేస్తారు. నిగనిగ ఆ పూతదీ, ఆ వేడిదీ. విటమిన్‌ది కాదు. జుట్టు సాపు చేసే క్రీముల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. కళ్లు మండుతున్నాయంటే లేచి బయటికి వచ్చేయండి, మొహమాటపడకండి.

ఇప్పుడు నేను మొదట్లో దాచిపెట్టిన మాట.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ల్యాబుకి ఒక అమ్మాయి వచ్చింది. పెళ్లి కుదిరింది, రెండు నెలల్లో ముహూర్తం. ఊరికే అన్నీ చూపించుకుందామని రక్తమిచ్చింది. థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే, థైరాయిడ్ వదిలే హార్మోన్ టీ4 బాగా ఎక్కువ. కాగితం మీద చూస్తే థైరాయిడ్ మితిమీరి పని చేస్తున్న మనిషి. రిపోర్టు ఇచ్చింది మేమే, కింద సంతకం నాదే. డాక్టరు దగ్గరికి వెళ్లి మందు కూడా రాయించుకుంది. వేసుకునే ముందు ఎందుకో అనుమానం వచ్చి వాళ్ల నాన్న ఆ అమ్మాయిని తీసుకుని మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. చేయి పట్టుకుని చూశాను. నాడి 72. చేతులు వణకడం లేదు, చెమట లేదు, బరువు తగ్గలేదు, నిద్ర బాగానే ఉంది. రిపోర్టుకీ మనిషికీ పొంతన లేదు. "ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?" అంటే లేదంది. "మందులు కాకుండా?" అన్నాను. "జుట్టుకి బిళ్లలండి, అవి మందులు కావు కదా, విటమిన్లేగా" అంది. పెళ్లికి జడ బాగుండాలని వాళ్ల అత్త కొనిచ్చిందట. రోజుకి రెండు. ఆపించి, వారం తర్వాత మళ్లీ రక్తం తీశాం. అన్నీ మామూలే.

ఏం జరిగిందో చెప్తాను. ఇందాక అవిడిన్ ఉడుం పట్టు అన్నానే, ఆ పట్టుని ల్యాబు మిషన్లు తయారుచేసేవాళ్లు వాడుకున్నారు. అవిడిన్ లాంటిదే స్ట్రెప్టావిడిన్ అని ఒక బాక్టీరియా నుంచి వస్తుంది. దాన్ని పూసల మీద పూస్తారు. హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తోక తగిలిస్తారు. తోక వెళ్లి పూసకి అతుక్కుంటుంది, మిషన్ లెక్కపెడుతుంది. దీన్ని ఆర్టీసీ బస్సులా ఊహించుకోండి. పూస మీద చోటు అంటే సీటు. బయోటిన్ అంటే కిటికీలోంచి సీటు మీద వేసే కర్చీఫ్. హార్మోన్‌తో వచ్చిన యాంటీబాడీ తన కర్చీఫ్ తనతో తెచ్చుకుంది, దర్జాగా కూర్చోవాలి. కానీ మీరు తిన్న గమ్మీ వల్ల రక్తం నిండా ఊరికే తిరిగే బయోటిన్ ఉంది. అంటే మనుషులు లేని కర్చీఫ్‌లు వందలకొద్దీ ముందే సీట్ల మీద పడిపోయాయి. అసలు ప్రయాణికులు ఎక్కలేక దిగిపోయారు. కండక్టరు లెక్కపెట్టి, బస్సులో జనం లేరు అని రాశాడు. టీఎస్‌హెచ్ తక్కువ అని రిపోర్టు.

టీ4 పరీక్షలో లెక్క తలకిందులు. అక్కడ సీట్లలో ఎంత తక్కువ మంది కనిపిస్తే రక్తంలో హార్మోన్ అంత ఎక్కువ అని అర్థం. కాబట్టి అదే కర్చీఫ్‌ల గొడవ వల్ల టీ4 ఎక్కువ అని వస్తుంది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, రెండూ కలిపితే అచ్చం పుస్తకంలో రాసిన జబ్బులా ఉంటుంది. ఒక తప్పు ఒంటరిగా వస్తే డాక్టరు అనుమానిస్తాడు. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్తే ఎవరు అనుమానిస్తారు?

థైరాయిడ్‌తో ఆగదు. గుండెపోటు వచ్చిందా లేదా చూసే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాంటిదే, బయోటిన్ ఉంటే తక్కువ చూపించవచ్చు. నొప్పితో వచ్చిన మనిషికి ఏమీ లేదు, ఇంటికి వెళ్లండి అని చెప్పే ప్రమాదం. 2017 నవంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. బయోటిన్ ఎక్కువగా వాడే ఒక రోగికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చి, చనిపోయిన ఉదంతం అందులో ఉంది. 2019లో మళ్లీ హెచ్చరించారు. ఆ తర్వాత చాలా కంపెనీలు కిట్లు మార్చాయి, కానీ అన్ని ల్యాబుల్లో అన్ని కిట్లూ మారాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కాబట్టి రక్తమిచ్చేటప్పుడు ఆ అమ్మాయిలా "మందు కాదు" అని ఊరుకోకండి. జుట్టు బిళ్లలైనా చెప్పండి. గమ్మీలైతే రెండు మూడు రోజుల ముందు ఆపి వెళ్లండి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇంకా ముందు ఆపాలి, డాక్టరుని అడగండి. గుండె నొప్పికి మాత్రం ఆపి ఆగి వెళ్లేదేమీ లేదు, పరుగెత్తండి, వెళ్లగానే బయోటిన్ మాట చెప్పండి. డాక్టరు జబ్బుకి రాసిన బయోటిన్ అయితే అడగకుండా ఆపకూడదు. నేను రిటైరయ్యే ముందు మా ల్యాబు ఫారం మీద "జుట్టుకి, గోళ్లకి ఏమైనా వాడుతున్నారా?" అని ఒక లైను చేర్పించాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనికొచ్చే పనుల్లో అదొకటి.

ఇక కుక్క వంతు. ఆవిడ ఇందాకట్నుంచి ఎదురు చూస్తున్నారు. బయోటిన్ తయారయ్యేదానిలో ఎక్కువ భాగం వెళ్లేది మనుషులకి కాదు, పశువుల దాణాకి. అక్కడ దాని కథ నిజంగా బలమైనది. గోధుమలో, బార్లీలో ఉన్న బయోటిన్ కోడికి సరిగ్గా అందదు, మొక్కజొన్న, సోయాలో ఉన్నది అందుతుంది. 1970ల్లో ఇంగ్లండ్‌లో గోధుమ దాణా తిన్న కోడిపిల్లలు కాలేయం, కిడ్నీలు కొవ్వు పట్టి చచ్చిపోయాయి. కారణం బయోటిన్. ఇవాళ మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో దాణా మొక్కజొన్నతోనే అయినా, అందులో కలిపే విటమిన్ల పొడిలో, ప్రీమిక్స్ అంటారు, బయోటిన్ కలుపుతూనే ఉంటారు.

గుర్రాల కథ ఇంకా బాగుంటుంది. వియన్నాలో తెల్లటి లిపిజానర్ గుర్రాలుంటాయి, సంగీతానికి అడుగులేస్తాయి. వాటి గిట్టలు పెళుసుబారి పగులుతుంటే 42 గుర్రాలని తీసుకుని, కొన్నిటికి రోజూ 20 మిల్లీగ్రాముల బయోటిన్, మిగతావాటికి ఉత్త పొడి పెట్టి చూశారు. 1995లో అచ్చయింది. బయోటిన్ తిన్నవాటి గిట్టలు బాగుపడ్డాయి. కానీ తేడా తెలియడానికి తొమ్మిది నెలలు పట్టింది, ఎందుకంటే గిట్ట నెమ్మదిగా పెరుగుతుంది. గిట్టల మీద వచ్చిన ఈ ఫలితాలు చూసి కొందరు డాక్టర్లు మనుషుల పెళుసు గోళ్ల మీద కూడా రోజుకి 2.5 మిల్లీగ్రాములు వాడి చూశారు, కొంత గుణం కనిపించింది. చిన్న చిన్న ప్రయోగాలు, పోల్చి చూడటానికి సరైన జట్టు లేదు. అయినా గోళ్లు పొరలు పొరలుగా లేచేవాళ్లు ఆరు నెలలు వాడి చూస్తానంటే నేను వాదించను. ల్యాబులో చెప్పడం మర్చిపోకండి, అంతే.

కుక్కకి మాత్రం కంపెనీ తిండి పెడుతుంటే బయోటిన్ అందులోనే ఉంటుంది. దాని పేగులోని బాక్టీరియా కూడా కొంత తయారు చేస్తుంది. బొచ్చు ఊడుతోందంటే మొదట పిడుదులు చూడండి, గజ్జి చూడండి, ఫంగస్ చూడండి. వయసు మీరిన లాబ్రడార్ బద్ధకంగా లావెక్కి బొచ్చు పలచబడుతుంటే దానికి కూడా థైరాయిడ్ తగ్గి ఉండవచ్చు. పశువుల డాక్టరు దువ్వి, గీకి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆ పనికి బదులు పొడి డబ్బా కొంటే పిడుదులు ఆ పొడి తిన్న కుక్క రక్తం తాగి ఇంకా బలుస్తాయి. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "మా కుక్కకి రోజూ పచ్చిగుడ్డు కొట్టి పోస్తానండి, బొచ్చు మెరుస్తుందని.")

మాస్టారూ, ఎప్పుడో ఒకటైతే ఏమీ కాదు, పచ్చసొన కూడా ఉంది కాబట్టి. రోజూ ఎందుకు? ఉడకబెట్టి పెట్టండి. అది కూడా సంతోషంగానే తింటుంది, మీకు పచ్చిగుడ్డులో ఉండే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం కూడా ఉండదు.

(ముందు వరసలో ఒకావిడ: "నా గమ్మీలు దానికి వేస్తే పర్లేదా డాక్టరు గారూ? తోక ఊపుతుంది.")

వద్దు. ఖచ్చితంగా వద్దు. బయోటిన్ వల్ల కాదు. చక్కెర లేని గమ్మీల్లో జైలిటాల్ అని ఒక తీపి పదార్థం కలుపుతుంటారు. మనకేమీ కాదు, కుక్కకి విషం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బ తినవచ్చు. డబ్బా మీద దినుసులు చదవండి. డబ్బా దాని నోటికందే ఎత్తులో కూడా పెట్టకండి, లాబ్రడార్ ఆకలికి మూత ఒక లెక్కా?

(ఒక యువతి: "మేడం, తలకి గుడ్డు పెట్టుకుంటాం కదా. పచ్చిదే. దాంట్లో అవిడిన్ ఉంటే తలలో బయోటిన్ లాగేసుకుంటుందా?")

భలే అడిగావమ్మా. లాగదు. అది పెద్ద ప్రోటీను, చర్మం దాటి లోపలికి పోలేదు. తలకి గుడ్డు పెట్టుకుంటే జుట్టు కాస్త పట్టుబట్టలా మెత్తగా ఉంటుంది, కుంకుడుకాయతో శుభ్రంగా రుద్దుకో. ఒకటే జాగ్రత్త, వేడినీళ్లు పోసుకోకు. నేను కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఒకసారి పోసుకున్నాను. సాయంత్రం దాకా జుట్టులోంచి ఆమ్లెట్ ఏరుకున్నాం, నేనూ మా రూమ్మేటూ.